విశ్రాంతి రోజు: పూర్తిగా ఖాళీగానా, కాస్త కదులుతూనా?

కొత్తగా వ్యాయామం మొదలుపెట్టాక విశ్రాంతి రోజు ఉండాలా వద్దా అన్న సందేహమే అక్కర్లేదు, ఉండాలి. బరువులెత్తినప్పుడు సన్నగా దెబ్బతిన్న కండరాల పోగులు బాగుపడే పని ఆ తర్వాతి 24 నుంచి 48 గంటల్లో జోరుగా సాగుతుంది. తేల్చుకోవాల్సిందల్లా ఆ రోజు పూర్తిగా ఖాళీగా ఉండాలా, కాస్త కదలాలా అని.

ఒళ్లునొప్పుల సంగతి చూస్తే కదలడమే మేలు. అలవాటు లేని వ్యాయామం తాలూకు నొప్పి వెంటనే తెలీదు, 1 నుంచి 3 రోజుల మధ్య బాగా ముదురుతుంది. (రెండో రోజు మెట్లు దిగినవాళ్లకు చెప్పక్కర్లేదు!) అప్పుడు ఓ 20 నిమిషాలు మెల్లగా నడిస్తే రక్తప్రసరణ పెరిగి పట్టేసిన కాళ్లు వదులవుతాయి. ఆ ఉపశమనం కాసేపే అనుకోండి, కానీ రోజూ ఆ వేళకు లేచే అలవాటు తెగదు. చిక్కల్లా నడక కాస్తా పరుగైపోవడంతోనే. మాట్లాడుతూ చేయలేకపోతున్నారంటే అది ఇంకో వ్యాయామం కిందే లెక్క.

పూర్తి విశ్రాంతిలో ఆ తికమక ఉండదు. నిద్ర చాలనప్పుడు, జ్వరం తగిలినప్పుడు నేను మరో మాట లేకుండా దీనికే ఓటేస్తాను. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు కండరాలకంటే నెమ్మదిగా బలపడతాయి కాబట్టి మొదటి నెలలో వాటికీ వ్యవధి కావాలి.

నేనైతే రోజు విడిచి రోజు వారానికి మూడుసార్లు వ్యాయామం, మధ్యలో నడక, ఒక రోజు పూర్తి సెలవు పెట్టుకోమంటాను. ఆ ఒక్క రోజుతో సాధించింది పోతుందని టెన్షన్ వద్దు. కీలు వాచినా, నొప్పి వారం దాటినా మాత్రం డాక్టర్‌కి చూపించుకోండి.