ల్యూసిన్ అని అమ్మారు, సీసాలో ఉన్నది వాలిన్: రీప్యాక్ కెమికల్స్ కొనేవాళ్లు జాగ్రత్త

ల్యాబ్‌కి అమైనో ఆమ్లాలు ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు, ముఖ్యంగా పెద్ద డబ్బాల్లోంచి చిన్న సీసాల్లోకి మార్చి తక్కువ ధరకు అమ్మేవాళ్ల దగ్గర కొనేవాళ్లు, ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి. ఎల్-ల్యూసిన్ అని లేబుల్ వేసి మాకు పంపిన 25 గ్రాముల సీసాలో ఉన్నది వాలిన్. ఆ సంగతి తేలేసరికి ఆరు వారాలు పోయాయి. ఎమ్మెస్సీ పిల్లల ప్రాజెక్టు గడువు నెత్తిమీదికొచ్చింది, వాళ్ల టెన్షన్ చూడలేకపోయాను.

ల్యూసిన్ సొంతంగా తయారుచేసుకోలేని ఈ.కోలై బ్యాక్టీరియా కె-12 రకాన్ని మినిమల్ మీడియంలో (అమైనో ఆమ్లాలేవీ కలపని సాదా పోషక ద్రవంలో) పెంచి, బయట నుంచి ఇచ్చిన ల్యూసిన్‌ను అది ఎలా లోపలికి లాక్కుంటుందో చూపిద్దామనుకున్నాం. పెరగలేదు. మీడియం తప్పేమో అని మూడుసార్లు మళ్లీ కలిపాం. ఆ తర్వాత, ఏ అమైనో ఆమ్లం ఇవ్వకపోయినా పెరిగే మామూలు కె-12తో చూస్తే, ఆ సీసాలోని పొడి వేయని ఫ్లాస్కులో చక్కగా పెరిగింది, పొడి వేసిన ఫ్లాస్కులో ఆగిపోయింది. అదే పొడితో బీఎల్21 అనే ఇంకో ఈ.కోలై రకం మాత్రం బాగానే పెరిగింది! అక్కడే నాకు అనుమానం వచ్చింది.

ఎందుకంటే, ఈ.కోలైలో ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ మూడూ చాలావరకు ఒకే దారిలో లోపలికి వెళ్తాయి. బయటి పొరలోని పోరిన్ రంధ్రాలు దాటి వచ్చినవాటిని రెండు పొరల మధ్య ఉండే లివ్‌జె అనే ప్రొటీన్ పట్టుకుంటుంది. దానికి ఈ మూడూ సరిపోతాయి, ల్యూసిన్‌ను మాత్రమే ప్రత్యేకంగా పట్టుకునేది లివ్‌కె. అక్కడి నుంచి లోపలి పొరలోని లివ్‌హెచ్, లివ్‌ఎమ్ దారి ఇస్తే, లివ్‌జి, లివ్‌ఎఫ్ కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెట్టి లోపలికి పంపిస్తాయి. బయట మైక్రోమోలార్ స్థాయిలో, అంటే చాలా కొద్దిగా ఉన్నా పోగుచేసుకోగల ఏర్పాటు ఇది, అందుకే మనకు అక్కర్లేని వాలిన్ కూడా సులువుగా దూరిపోతుంది. లోపలికెళ్లిన వాలిన్ ఏమో ఐసోల్యూసిన్ తయారీకి కావలసిన అసిటోహైడ్రాక్సీ యాసిడ్ సింథేజ్ అనే ఎంజైమ్‌ను ఆపేస్తుంది, ఐసోల్యూసిన్ లేక పెరుగుదల ఆగిపోతుంది. ఈ ఎంజైమ్‌లో వాలిన్‌కు లొంగని రకం ఒకటి ఉంది గానీ, దాని జన్యువు ఐఎల్‌విజి కె-12లో దెబ్బతిని ఉంటుంది. బీఎల్21 వచ్చిన బి రకంలో అది పనిచేస్తుంది. కె-12 ఫ్లాస్కులో కొంచెం ఐసోల్యూసిన్ వేశాం, మర్నాటికి పెరుగుదల కనిపించింది. ఇక సందేహం లేదు. టీఎల్‌సీ (పలుచటి పూత ఉన్న ప్లేటు మీద పదార్థాలను విడదీసి గుర్తుపట్టే పరీక్ష) ప్లేటు మీద, అమైనో ఆమ్లాలకు రంగు తెప్పించే నిన్‌హైడ్రిన్ చల్లితే మచ్చ సరిగ్గా వాలిన్ ఎత్తులోనే వచ్చింది, ల్యూసిన్ ఎత్తులో ఏమీ లేదు.

నిజానికి మొదటిరోజే కనిపెట్టాల్సింది. ల్యూసిన్ గది వేడిలో 100 మి.లీ. నీటిలో రెండున్నర గ్రాములకు మించి కరగదు, తడవకుండా పైన తేలుతూ విసిగిస్తుంది. వాలిన్ ఎనిమిది గ్రాములైనా కరుగుతుంది. మా పొడి చటుక్కున కరిగిపోతే మంచి క్వాలిటీ అనుకుని సంతోషించాం. మీరు మాత్రం సీసా రాగానే కొద్దిపాటి నీటిలో 5 శాతం లెక్కన వేసి చూడండి, మొత్తం కరిగిపోతే అది ల్యూసిన్ కాదు. లేబుల్ మీద సీఏఎస్ నంబరు (ఒక్కో రసాయనానికి ఒక్కోటి ఉండే గుర్తింపు నంబరు) కూడా చూడండి: ల్యూసిన్‌ది 61-90-5, వాలిన్‌ది 72-18-4. మా సీసా మీద ఆ నంబరే లేదు, ఏ విడతలో తయారైందో చెప్పే లాట్ నంబరు చేత్తో రాశారు, అనాలిసిస్ సర్టిఫికెట్ అడిగితే వేరే లాట్‌ది పంపారు.

అమ్మినవాళ్లను అడిగితే సీలు తీసిన సరుకు వెనక్కి తీసుకోబోమని చెప్పారు. టీఎల్‌సీ ఫొటోలు పంపాను, జవాబు లేదు. అదే సరుకు ఇంకా అమ్ముతూనే ఉన్నారు. మీ దగ్గర చేతిరాత లాట్ నంబరున్న అమైనో ఆమ్లం సీసా ఏదైనా ఉంటే, పిల్లల చేతికి ఇచ్చేముందు ఒక్క టీఎల్‌సీ వేయండి, మహా అయితే ఒక పూట పని.