లంబసింగి, వంజంగి, బొర్రా: ఇంటర్నెట్ చెప్పిన మాటలపై ఒక సమీక్ష

డిసెంబరు రెండో వారంలో మేము ఐదుగురం కాకినాడ నుంచి బయలుదేరి, నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్లి, అక్కడి నుంచి పాడేరు, వంజంగి, అరకు, బొర్రా గుహలు చూసుకుని విశాఖపట్నం మీదుగా ఇల్లు చేరాము. మూడు రోజుల ఈ ప్రయాణం కోసం దాదాపు ఇరవై రోజులు రాత్రి పూట ఫోను ముందు కూర్చుని దొరికిన పేజీ అల్లా చదివాను, కనిపించిన వీడియో అల్లా చూశాను. మా అత్తయ్యకు డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. అందువల్ల మెట్లు ఎన్ని, నడక ఎంత, గదిలో వేడినీళ్లు ఏ వేళకు వస్తాయి వంటి చిన్న ప్రశ్నలకే నాకు కచ్చితమైన జవాబులు కావలసి వచ్చింది. దొరికినవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. తిరిగి వచ్చాక ఆ పుస్తకం ముందు పెట్టుకుని ఏ మాట నిలిచింది, ఏది నిలవలేదు అని వరుసగా సరిచూశాను. అందులో తేలిన విషయాలనే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మంచు సంగతి చెప్పాలి. 'ఆంధ్రా కాశ్మీర్' అన్న పేరుతో లంబసింగి మీద వందల వీడియోలు ఉన్నాయి. వాటిలో చాలావాటికి ముఖచిత్రంగా పెట్టినవి దేవదారు చెట్ల మీద తెల్లగా పేరుకున్న హిమం బొమ్మలు. అవి మన్యంలో తీసినవి కావని ఆ చెట్లను చూస్తేనే తెలుస్తుంది. అయితే ఇందులో తప్పంతా వీడియోలు తీసినవారిదే అనలేను, ఎందుకంటే మన భాషలో మంచు అన్న ఒక్క మాటే తెల్లవారుజామున లోయలో కమ్ముకునే పొగమంచుకూ, గడ్డిపరకల మీద నిలిచే బిందువులకూ, హిమాలయాల్లో మోకాలి లోతున కురిసేదానికీ సరిపోతుంది. 'లంబసింగిలో మంచు కురుస్తోంది' అని పక్కనున్న చింతపల్లి మనిషి రాస్తే అది అబద్ధం కాదు, కానీ అదే వాక్యం కాకినాడలో చదివిన మా ఆడపడుచు కొడుకు మంచుముద్దలతో ఆడుకోవచ్చని ఉన్ని చేతితొడుగులు సంచిలో పెట్టుకున్నాడు. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో చలి నిజం, పది అడుగుల దూరంలోని మనిషి కనపడనంత పొగమంచు నిజం, బాగా చలి ముదిరిన రాత్రుల్లో గడ్డి మీద నీటిబొట్లు గడ్డకట్టడమూ నిజమే. హిమం పేరుకుపోయే చోటు మాత్రం అది కాదు. పిల్లవాడికి ఆ మాట నేను ముందే చెప్పి ఉండవలసింది.

ఉష్ణోగ్రత అంకెల విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. 'సున్నా డిగ్రీలు' అని రాసిన పేజీల్లో ఒక్కటి కూడా ఆ అంకెను ఎక్కడ కొలిచారో, ఏ రోజున కొలిచారో చెప్పలేదు. వార్తల్లో వచ్చే అంకెలు చాలావరకు చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో నమోదైనవి; ఆ కేంద్రం పేరు, తేదీ రెండూ రాసిన వార్తను నమ్మవచ్చు. మరో సంగతి, ఊరి పేరును 'లమ్మసింగి' అని రాసి వెతికితే వేరే రకం సమాచారం బయటపడింది. పాత పత్రికా వార్తలు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పెట్టిన వ్యాఖ్యలు, ఆ ఊరికే ఉన్న 'కొర్రబయలు' అన్న మరో పేరు (బయట నిలబడితే కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతారన్న అర్థంలో చెప్పుకుంటారు) అన్నీ అలా దొరికినవే. పర్యాటకులు రాసే పేరు కాకుండా అక్కడివాళ్లు పలికే పేరుతో వెతకడం ఈ ప్రయాణంలో నాకు బాగా పనికివచ్చింది.

ఒక పేజీ ఎప్పటిదో తెలుసుకోవడానికి ఈ ప్రాంతంలో ఒక సులువైన గుర్తు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. లంబసింగి, అరకు, బొర్రా అందులోకి వచ్చాయి, నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. అందుచేత లంబసింగి విశాఖపట్నం జిల్లాలో ఉందని చెప్పే వ్యాసం ఆ తేదీకి ముందుదై ఉండాలి, లేదా ముందుదాన్ని చూసి ఎత్తిరాసిందై ఉండాలి. రెండింటిలో ఏదైనా అందులోని టిక్కెట్టు ధరనూ, గది అద్దెనూ, తెరిచే వేళలనూ నేను పక్కన పెట్టాను. 'ఈ ఏడాది పూర్తి సమాచారం' అని పైన రాసుకున్న ఒక పేజీ ఈ ఒక్క గుర్తుతోనే పాతదని తేలిపోయింది.

ఇక బస విషయం. పాడేరులో నేను గది తీసుకున్న లాడ్జికి, గదులు బుక్ చేసే వెబ్‌సైటులో నాలుగున్నర నక్షత్రాలు, రెండు వందలకు పైగా అభిప్రాయాలు ఉన్నాయి. బయలుదేరేముందు నేను నక్షత్రాలు చూశాను గానీ అభిప్రాయాల తేదీలు చూడలేదు. తిరిగి వచ్చాక కొత్తవి పైకి వచ్చేలా అమర్చుకుని చదివితే, అయిదు నక్షత్రాలు ఇచ్చినవాటిలో ఎక్కువ భాగం అక్టోబరులో ఒకే పది రోజుల్లో వచ్చినవని తెలిసింది. 'అద్భుతమైన అనుభవం, సిబ్బంది చాలా మర్యాదస్తులు' అన్న వాక్యం నాలుగైదు పేర్లతో అక్షరం పొల్లుపోకుండా కనిపించింది. ఆ పేర్లతో మరే చోటి గురించీ ఎప్పుడూ ఒక్క మాట లేదు. వాటి మధ్యన రెండు నక్షత్రాలిచ్చిన ఒక తెలుగు అభిప్రాయం ఉంది: రెండో అంతస్తులో వేడినీళ్లు ఉదయం ఏడు దాటాకే వస్తాయనీ, కరెంటు పోతే అవీ ఉండవనీ, రాత్రి పెట్టిన పప్పు మాత్రం బాగుందనీ రాశారు. తక్కువ నక్షత్రాలు ఉన్నాయని నేను దాన్ని దాటేశాను. మాకు ఇచ్చింది రెండో అంతస్తు గది. తెల్లవారి నాలుగింటికి వంజంగి వెళ్లాలని లేచిన మా అత్తయ్య చన్నీళ్లతోనే స్నానం చేయవలసి వచ్చింది. పప్పు నిజంగానే బాగుంది.

ఆ లాడ్జి ఫొటోల గురించి కూడా చెప్పాలి. 'గదిలోంచి కనిపించే లోయ' అని పెట్టిన ఫొటోలో కుడివైపు కింది మూలన ఒక నల్లని గొట్టం కొంచెం కనిపిస్తుంది. అక్కడికి వెళ్లి డాబా ఎక్కి చూస్తే అది నీళ్ల ట్యాంకు గొట్టం. ఫొటో తీసింది ఆ ట్యాంకు పక్కన నిలబడి. మా గది కిటికీ తెరిస్తే కనిపించింది పక్క భవనం గోడ. అప్పటినుంచి ఏ ఫొటో చూసినా మధ్యలో ఏముందో వదిలేసి అంచుల్లో ఏముందో చూస్తున్నాను. బసచేసినవాళ్లు తీసి పెట్టిన మసక ఫొటోల్లో దుప్పటి, బాత్రూము తలుపు, కిటికీ ఉన్నవి ఉన్నట్టుగా కనిపిస్తాయి.

దారి చూపించే యాప్ దూరాల విషయంలో సరిగ్గానే చెప్పింది, కాలం విషయంలో మాత్రం ఘాట్ రోడ్డును లెక్కలోకి తీసుకోలేదు. లంబసింగి నుంచి చింతపల్లి మీదుగా పాడేరుకు రెండు గంటలు కూడా పట్టదని అది చూపించగా, పొగమంచులో హెడ్‌లైట్లు వేసుకుని వెళ్లిన మాకు మూడు గంటలు పట్టింది. ఒకచోట అది ప్రధాన రహదారి వదిలి ఎడమకు తిరగమంది. నర్సీపట్నం ప్రాంతం వాడైన మా డ్రైవరు బండి ఆపి, "ఫోను చూపించే దారి దగ్గరదే గానీ అమ్మగారూ, అటు వెళ్తే మధ్యలో బండి తిప్పుకోడానికి చోటుండదండి, వానకి కోసేసి ఉంటది" అన్నాడు. ఆ కొండల్లో చాలా దూరం సిగ్నలు ఉండదు కాబట్టి మ్యాపును ముందే ఫోనులోకి దించుకోమన్న సలహా మాత్రం అక్షరాలా నిజం.

అన్నింటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది వంజంగి. పాడేరుకు దగ్గరలోని ఈ కొండ మీదికి సూర్యోదయానికి ముందే ఎక్కితే కింద లోయ నిండా మేఘాలు పాలసముద్రంలా పరుచుకుని కనిపిస్తాయి. ఫోనులో చూసిన ప్రతి వీడియోలోనూ అదే దృశ్యం, అదే బంగారు వెలుగు. నడక గురించి మాత్రం ఒకరు ఇరవై నిమిషాలన్నారు, ఒకరు పైదాకా బండి వెళ్తుందన్నారు, మరొకరు గంటన్నర అన్నారు. మాకు చీకట్లో టార్చి వెలుగున, తడిసిన రాళ్ల మీద గంటా పావు పట్టింది. మా అత్తయ్యనూ ఆడపడుచునూ కింద టీ కొట్టు దగ్గరే కూర్చోబెట్టి వెళ్లాము. పైకి చేరాక చూస్తే లోయంతా ఖాళీగా ఉంది. ఆకాశం తేటగా ఉంది, చల్లగాలి గట్టిగా వీస్తోంది, దూరాన కొండలు వరుసగా కనిపిస్తున్నాయి, మేఘం అన్నది ఒక్క ముక్క లేదు. మా చుట్టూ ఉన్న వంద మందిలో చాలామంది పది నిమిషాలు ఎదురుచూసి ఫోన్లు జేబులో పెట్టుకున్నారు. దిగి వచ్చాక టీ కొట్టాయన, "నిన్న నిండుగా వచ్చిందండి, ఇవాళ గాలి ఎక్కువ, గాలి ఉంటే నిలవదు" అన్నారు.

ఆ మాట విన్నాక నాకు తట్టింది ఏమిటంటే, ఖాళీ లోయను వీడియో తీసి పెట్టేవారు ఎవరూ ఉండరు. మేఘాలు వచ్చిన రోజున వెళ్లినవాళ్లు వెయ్యి వీడియోలు పెడతారు, రాని రోజున వెళ్లినవాళ్లు మౌనంగా ఇంటికి వెళ్తారు. అందువల్ల ఎన్ని వీడియోలున్నా, నెలలో ఎన్ని రోజులు మేఘాలు వస్తాయన్న ప్రశ్నకు వాటిలో జవాబు దొరకదు. ఆ ప్రశ్నకు రోజూ నాలుగింటికి పొయ్యి వెలిగించే టీ కొట్టు మనిషే సరైనవాడు. ముందు రోజు సాయంత్రం పాడేరులో ఎవరినైనా అడిగి ఉంటే గాలి సంగతి మాకు తెలిసేదేమో.

బొర్రా గుహల విషయంలో వేరే రకం తప్పు ఎదురైంది. ఈ గుహలను 1807లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన ఒక బ్రిటిష్ అధికారి కనుగొన్నారని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ లెక్కలేనన్ని పేజీలు చెబుతాయి. ఆ సంస్థ ఏర్పడింది 1851లో. లేని సంస్థ అధికారి నలభై నాలుగేళ్ల ముందే గుహలోకి ఎలా వెళ్లగలడు? ఎవరో ఒకరు ఎక్కడో తప్పుగా రాస్తే మిగిలినవారు ఎత్తిరాసుకున్నారని తప్ప వేరే వివరణ నాకు కనిపించలేదు. వంద చోట్ల ఒకే మాట ఉన్నంత మాత్రాన అది వంద మంది విడివిడిగా చెప్పిన సాక్ష్యం కాదని ఈ ఒక్క తేదీతో నాకు బాగా అర్థమైంది. నిజానికి ఆ గుహల పక్కనే ఎన్నో తరాలుగా కొండవాళ్ల ఊళ్లు ఉన్నాయి, వాళ్లకు తెలియని గుహను ఎవరో వచ్చి 'కనుగొన్నారు' అనడమే సరికాదని నా అభిప్రాయం.

బొర్రా మీదుగా వెళ్లే రైలు మార్గంలోని సిమిలిగుడ స్టేషను సంగతి దీనికి భిన్నం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గంలో 996 మీటర్ల ఎత్తున ఉన్న ఈ స్టేషను దేశంలోకెల్లా ఎత్తయిన బ్రాడ్‌గేజి (వెడల్పు పట్టాల) స్టేషను అని నేటికీ రాస్తున్నారు. 2008 అక్టోబరులో కాశ్మీరు లోయలో బ్రాడ్‌గేజి రైలు మొదలైంది, ఆ లోయ ఎత్తు 1,500 మీటర్లకు పైమాటే. ఒకప్పుడు చెల్లిన మాట తరవాత చెల్లకుండా పోయినా పేజీల్లో అలాగే ఉండిపోయింది. రైలు నంబర్లకూ ఇదే గతి పట్టింది: కోవిడ్ కాలంలో ప్యాసింజరు రైళ్లకు సున్నాతో మొదలయ్యే ప్రత్యేక నంబర్లు ఇచ్చారు, ఆ తరవాత మళ్లీ మార్చారు, ప్రయాణాల పేజీల్లో మాత్రం మూడు కాలాల నంబర్లూ కలగలిసి ఉన్నాయి. రైలు వేళలకు రైల్వే వారి విచారణ తప్ప మరో చోటికి వెళ్లనక్కర లేదు. గుహల నిర్వహణ రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ చేతిలో ఉంది కాబట్టి వేళలూ టిక్కెట్లూ వారినే అడగడం మేలు.

నకిలీ అభిప్రాయాల సమస్యను ప్రభుత్వం పట్టించుకోలేదని అనలేము. ఆన్‌లైన్ అభిప్రాయాలను ఎలా సేకరించాలి, ఎలా పరిశీలించి ప్రచురించాలి అన్న విషయమై 2022 నవంబరులో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 19000 అన్న ప్రమాణాన్ని తెచ్చింది. 2023 జనవరిలో, డబ్బు గానీ ఉచిత బస గానీ పుచ్చుకుని ప్రచారం చేసేవారు ఆ మాట స్పష్టంగా చెప్పాలని వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. మొదటిది స్వచ్ఛందంగా పాటించవలసినదే గనుక దాని బలం పరిమితం. రెండోదాన్ని ఎంతమంది పాటిస్తున్నారో ఒక్క సాయంత్రం వీడియోలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది: లాడ్జి యజమాని పక్కన నిలబడి గది గదీ తిప్పి చూపించే వీడియోల్లో, బస ఉచితమా కాదా అన్న మాట నాకు ఒక్కదానిలోనే వినిపించింది.

నక్షత్రాలు నేనూ ఇవ్వవలసి వస్తే, వీడియోలకు ఒకటి, దారి చూపే యాప్‌కు మూడు, తేదీ ఉండి, మెచ్చుకోలూ ఫిర్యాదూ రెండూ ఉన్న చిన్న తెలుగు వ్యాఖ్యలకు నాలుగు ఇస్తాను. ఆ లాడ్జి పేజీ కింద, వంజంగి పేజీ కింద నేనూ రెండు వ్యాఖ్యలు పెట్టాను. రెండోది ఇది: "డిసెంబరు రెండో ఆదివారం, ఉదయం అయిదున్నరకు పైన ఉన్నాము, మేఘాలు రాలేదు, గాలి ఎక్కువగా ఉంది. కింది నుంచి నడక గంటా పావు, రాళ్లు తడిగా జారుతున్నాయి, పట్టుకోవడానికి ఆధారం లేదు." వారం తిరక్కుండానే దాని కింద ఎవరో, "మా నాన్నగారికి అరవై ఎనిమిదేళ్లు, ఎక్కగలరా అండీ?" అని అడిగారు. మోకాళ్ల నొప్పి ఉంటే వద్దనీ, కింద టీ కొట్టు దగ్గర బల్లలు ఉన్నాయనీ, అక్కడి నుంచి కూడా సూర్యోదయం బాగానే కనిపించిందని మా అత్తయ్య చెప్పారనీ జవాబు రాశాను.