కొత్త ఎస్‌ఎస్‌డీ అని అమ్మారు, అప్పటికే 300 రోజులు వాడేశారు

విజయవాడలో ఎస్‌ఎస్‌డీ (కంప్యూటర్‌లో డేటా దాచే వేగమైన డ్రైవ్) కొనబోతున్నవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి.

పోయిన నెల గవర్నర్‌పేటలో ఒక షాపులో 1 టీబీ ఎన్‌వీఎంఈ డ్రైవ్ (మదర్‌బోర్డు స్లాటులో నేరుగా బిగించే ఎస్‌ఎస్‌డీ) 6,500కి తీసుకున్నాను. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకునేవాణ్ణి, డ్రైవ్ స్పీడు లేకపోతే నాకు పని సాగదు. షాపతను నా ముందే సీలు తీసి, తన సిస్టమ్‌లో పెట్టి, క్రిస్టల్‌డిస్క్‌మార్క్ అనే స్పీడు టెస్టు ప్రోగ్రామ్‌లో రీడ్ స్పీడు సెకనుకు 3,400 ఎంబీ చూపించాడు. ఇంకేం అనుమానం వస్తుంది?

ఇంట్లో బిగిస్తే 1,700 దాటలేదు. ఫోన్ చేస్తే "మీ బోర్డు ప్రాబ్లమ్ సార్" అన్నాడు. నిజం చెప్పాలంటే అది నా తప్పే. నేను పెట్టిన రెండో స్లాటుకు జెన్ 3 వేగంలో రెండు లేన్లే (డేటా వెళ్లే దారులు) ఉన్నాయని మాన్యువల్ చూశాక తెలిసింది. సరే, మళ్లీ మాట పడకూడదని ఇంకో సిస్టమ్‌ని టెస్టింగ్ కోసమే సిద్ధం చేశాను. ప్రాసెసర్‌కు నేరుగా కలిసే నాలుగు లేన్ల స్లాటు, విండోస్ వేరే డ్రైవ్‌లో, అప్‌డేట్లూ యాంటీవైరస్ స్కానూ బంద్. డ్రైవ్ మీద హీట్‌సింక్ కూడా పెట్టాను. మన బెజవాడ ఎండలకు అది వేడెక్కి తనే స్పీడు తగ్గించుకుంటే, ఆ నంబరు పట్టుకుని షాపుకెళ్లి ఏం వాదిస్తాం?

ఈసారి 3,400 వచ్చింది. అక్కడితో వదిలేసేవాణ్ణే. ఎందుకో డ్రైవ్ ఎంత వాడారో చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో కూడా తెరిచాను. పవర్ ఆన్ అవర్స్ (డ్రైవ్ కరెంటు మీద ఉన్న గంటలు) 7,200! రాత్రీపగలూ లెక్కేస్తే 300 రోజులు. రాసిన డేటా 90 టీబీ పైనే. సీలు మాత్రం తళతళలాడే కొత్తది.

తర్వాత ఇంకో ఎన్‌వీఎంఈ నుంచి 200 జీబీ ఫుటేజీ కాపీ పెట్టాను. (హార్డ్‌డిస్క్ నుంచి పెడితే దాని నత్తనడకే కనిపిస్తుంది.) మొదటి 60 జీబీ పరుగులు పెట్టి, తర్వాత సెకనుకు 120 ఎంబీ దగ్గర చతికిలపడింది. ఇది మోసమని అనను, చవక క్యూఎల్‌సీ (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు కుక్కే రకం) డ్రైవ్‌ల తీరే అంత. క్రిస్టల్‌డిస్క్‌మార్క్ మామూలుగా రాసేది 1 జీబీ ఫైలు, అది క్యాష్‌లోనే (డ్రైవ్‌లో ముందుగా నిండే వేగమైన భాగంలోనే) సరిపోతుంది. షాపులో చూపించే నంబరు అదే.

స్క్రీన్‌షాట్ చూపిస్తే మొదట "కంపెనీ టెస్టింగ్ అవర్స్ అండీ" అన్నాడు. కంపెనీవాళ్లు 300 రోజులు టెస్ట్ చేస్తారా? గట్టిగా అడిగితే, ఇంకో 500 ఇస్తే వేరేది ఇస్తానన్నాడు. డబ్బు వాపసు మాత్రం లేదట. నా దగ్గరున్నది సీరియల్ నంబరు లేని చేతిరాత బిల్లు. నాకు దెబ్బ తగిలింది అక్కడే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, ఇంకా ఏమీ తేలలేదు.

మీరు కొనేటప్పుడు స్పీడు నంబరు తర్వాత, ముందు అవర్స్ చూపించమనండి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. అవర్స్ సున్నా ఉన్నా పూర్తిగా నమ్మకండి, కొన్ని డ్రైవ్‌లలో దాన్నీ చెరిపేస్తారు.

ఆ టెస్టింగ్ సిస్టమ్ ఇంకా విప్పలేదు. ఈమధ్య ఊళ్లో ఎవరైనా కొని అనుమానపడుతుంటే మెసేజ్ పెట్టండి, బెంజ్ సర్కిల్ దగ్గరే ఉంటాను.