మాహ్‌జాంగ్ టైటన్స్ - మా అమ్మ బిళ్ళలాట, బాగున్నవీ బాగోలేనివీ

విండోస్ 7 వాడినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, స్టార్ట్ మెనూలో గేమ్స్ అని నొక్కితే సాలిటైర్, ఫ్రీసెల్‌తో పాటు మాహ్‌జాంగ్ టైటన్స్ అని ఒకటి కనిపించేది. 7కి ముందొచ్చిన విండోస్ విస్టాతో వచ్చింది, 7లో కూడా ఉంది, 2012లో విండోస్ 8 వచ్చేసరికి తీసేశారు. చాలామంది ఒకసారి తెరిచి ఆ చైనా అక్షరాలు చూసి మనకెందుకులే అని మూసేసి ఉంటారు. మా అమ్మ మాత్రం పట్టుకుంది. మోకాలి ఆపరేషన్ అయ్యి రెండు నెలలు మెట్లు దిగొద్దన్నారు, సీరియల్స్ చూసీ చూసీ విసుగొచ్చిందంటే నేనే కూర్చోబెట్టి నేర్పించా, నెల తిరిగేసరికి నాకంటే బాగా ఆడేస్తోంది.

తెలియనివాళ్ళకి చెప్తున్నా, ఇది నలుగురు కూర్చుని బొమ్మల బిళ్ళలతో ఆడే చైనా ఆట, అసలు మాహ్‌జాంగ్ కాదు. ఆ బిళ్ళలు మాత్రం తీసుకుని ఒక్కళ్ళే ఆడుకునేది. కంప్యూటర్‌లోకి దీన్ని 1981లో తెచ్చింది బ్రోడీ లాకార్డ్, జిమ్నాస్టిక్స్‌లో ప్రమాదం జరిగి కాళ్ళూ చేతులూ పడిపోయాక నోట్లో పుల్ల పెట్టుకుని కీస్ నొక్కుతూ ప్రోగ్రామ్ రాశాడాయన. 1986లో యాక్టివిజన్ వాళ్ళు షాంఘై పేరుతో అమ్మారు. కాళ్ళూ చేతులూ కదలని మనిషి చేసిన ఆట ఇన్నేళ్ళకి మెట్లు దిగలేని మా అమ్మ దగ్గరికి వచ్చింది, అది తెలిసాక నాకు ఈ ఆట మీద ఇష్టం ఇంకా పెరిగింది.

రూల్ ఒక్కటే. పైన ఏమీ లేకుండా, ఎడమో కుడో ఒక పక్క ఖాళీగా ఉన్న బిళ్ళలు రెండు ఒకేలాంటివి దొరికితే తీసెయ్యాలి. మొత్తం 144. తాబేలు ఆకారంలో అడుగున 87, దానిమీద 36, 16, 4, శిఖరం మీద ఒకటి. ఆ పైనున్న ఒక్కటి కదిలితే గానీ కింద నాలుగూ కదలవు. అమ్మ అన్నిటికీ తనే పేర్లు పెట్టుకుంది, గుండ్రటి బొమ్మలున్నవి సున్నాలు, వెదురు బొమ్మలున్నవి కర్రలు, చైనా అంకెలున్నవి ఎర్ర అక్షరాలు. వెదురులో ఒకటో నంబర్ మీద కర్ర ఉండదు, పక్షి బొమ్మ ఉంటుంది, అది 'పిట్ట'. చైనా అంకెల్లో ఒకటికి ఒక గీత, రెండుకి రెండు, మూడుకి మూడు కాబట్టి అవి తేలిగ్గా పట్టేసింది, నాలుగు నుంచి తొమ్మిది దాకా మాత్రం రెండు మూడు రోజులు తికమక పడింది. "నాలుగు కిటికీలా ఉందిరా, అలా గుర్తుపెట్టుకున్నా" అంది, నేనెప్పుడూ అలా చూడలేదు.

నాకు బాగా నచ్చింది దీని నెమ్మది. టైమ్ అయిపోయిందని ఆట ఆపెయ్యదు, లైఫ్‌లు అయిపోయాయి అరగంట ఆగు అనదు, కాయిన్స్ కొనమనదు. తప్పు తీస్తే కంట్రోల్ జెడ్, దారి తోచకపోతే హెచ్ నొక్కితే హింట్. మధ్యలో ఆపి వెళ్ళాలంటే సేవ్ చేసుకోవచ్చు, కరెంట్ పోయి యూపీఎస్ కీచు కీచుమంటుంటే అమ్మ ముందు సేవ్ చేసి అప్పుడు లేచేది. పొయ్యి మీద పప్పు పెట్టి ఆడుకోవచ్చు, మూడో విజిల్‌కి లేచి వెళ్ళి మళ్ళీ వస్తే ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఊరికే జతలు వెతకడమే అనుకోవద్దు, ఆలోచన కూడా ఉంది. ఒక్కో రకానివి నాలుగే ఉంటాయి, ఆ నాలుగూ తెరిచి ఉంటే ధైర్యంగా తీసెయ్యొచ్చు, మూడే ఉంటే ఏ రెండు తియ్యాలన్నదే అసలు ప్రశ్న, పొడుగు వరసల చివర్లు, పైన ఎత్తుగా ఉన్నవి తీసే జతకే ముందు ఓటు వెయ్యాలి, లేకపోతే చివర్లో ఒకదానిమీద ఒకటి ఒకే రకం బిళ్ళలు రెండు ఇరుక్కుని చచ్చినా కదలవు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఈ రకం ఆటలో అదృష్టం పాలు ఎక్కువ, కింద ఏముందో కనపడదు కాబట్టి ఎంత జాగ్రత్తగా ఆడినా ఒక్కోసారి గుడ్డిగా తియ్యాల్సిందే. బిళ్ళల్ని ఇష్టమొచ్చినట్టు కలిపి పేర్చితే, అడుగున ఉన్నవన్నీ కనపడినా సరే, తాబేలు ఆటల్లో నూటికి మూడు దాకా గెలవడం కుదరదని లెక్కలు కట్టారు. అరగంట కూర్చుని ఆడి చివర నాలుగు బిళ్ళల దగ్గర ఆగిపోతే పెద్దావిడ తప్పు తనదే అనుకుని బాధపడుతుంది, అది నాకు నచ్చలేదు. ఇంకోటి పువ్వుల, రుతువుల బొమ్మలున్న బిళ్ళలు. మిగతావన్నీ అచ్చం ఒకేలా ఉండాలి, ఇవి మాత్రం ఏ పువ్వుకి ఏ పువ్వయినా సరిపోతుంది, రుతువులూ అంతే, ఎవరో ఒకరు చెప్తే తప్ప ఆ సంగతి తట్టదు. ఆకారాలు కూడా తాబేలు, డ్రాగన్, పిల్లి, కోట, పీత, సాలీడు, ఆరే ఆరు, ఏళ్ళ తరబడి ఆడేవాళ్ళకి చాలవు. చత్వారం ఉన్నవాళ్ళకి ఏడు కర్రలకీ తొమ్మిది కర్రలకీ తేడా చిన్న మానిటర్‌లో అసలు తెలీదు, అమ్మకి పెద్ద మానిటర్ అందుకే కొన్నా.

పోయినేడు ఫోన్‌లో ఇలాంటిదే ఒకటి వేసిచ్చా, పేరు ఎందుకులే. రెండు ఆటలకోసారి యాడ్, దాన్ని మూసే ఇంటూ మార్కు ఆవగింజంత, అమ్మ వేలు పక్కన తగిలి ఏదో లోన్ యాప్ పేజీ తెరుచుకుంది. "ఒరేయ్ ఇదేదో డబ్బులడుగుతోంది, తీసెయ్" అని ఫోన్ నా చేతిలో పెట్టేసింది, అప్పుడే తీసేశా. పెద్దవాళ్ళకి ఈ ఆట వేసిచ్చేవాళ్ళు నెట్ ఆపి ఒకసారి నడిపి చూడండి, నడవకపోతే ఇంకోటి వెతకండి, వెనక్కి తీసుకునే బటన్ ఉందా, బిళ్ళలు పెద్దగా కనపడతాయా అన్నవి కూడా చూసుకోండి.

మేమైతే పాత సిస్టమ్‌కి నెట్ కేబుల్ పీకేసి, లోపల కరెంటిచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్ పెట్టె మార్పించి హాల్లో కిటికీ పక్కన పెట్టాం. అందులో ఇప్పుడు ఈ ఆట తప్ప ఇంకేం వాడం.