గలీబులకు అరవై డిగ్రీలు, మిగతా బట్టలకు ట్యాంకు నీళ్లు

ఏ వాషింగ్ మెషీన్ కొనాలని ఎవరైనా సలహా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే. మీ ఇంట్లో తలకు నూనె రాసుకునేవాళ్లు ఎంతమంది? మా ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో నాకు నచ్చింది లోపలున్న హీటర్. పెద్దోడు ఎల్‌కేజీలో ఉన్నప్పుడు కొన్నాం, ఇప్పుడు వాడు ఏడో తరగతి. ఇన్నేళ్లలో స్పిన్ స్పీడు ఎంతో, ప్రోగ్రాములు ఎన్నో నేను పట్టించుకోలేదు. 60 డిగ్రీల బటన్ మాత్రం వారం వారం నొక్కుతూనే ఉన్నాను.

అత్తయ్య, మా ఆయన, నేను, ముగ్గురం కొబ్బరి నూనె వాళ్లమే. పాత మెషీన్‌లో చల్లనీళ్లతో ఉతికిన గలీబు చూడ్డానికి శుభ్రంగానే ఉండేది. ఇస్త్రీ పెట్టె తగలగానే పాత నూనె కంపు గుప్పుమనేది. కొబ్బరి నూనె 24, 25 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. సంక్రాంతి చలికి హైదరాబాద్‌లో పొద్దున్నే కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు అంతకంటే చల్లగా ఉంటాయి, ఇక నూనె ఎలా వదులుతుంది? పౌడర్ కూడా సరిగా కరగక నల్ల ప్యాంట్ల మీద తెల్ల చారలు మిగిలిపోతాయి. 60లో వేసిన మొదటిసారికే గలీబు మధ్యలో ఉన్న పచ్చటి మచ్చ పలచబడింది. ఆ తర్వాత ఇస్త్రీ చేసేటప్పుడు వాసన లేదు.

వానాకాలం తువ్వాళ్లదీ ఇదే కథ. ఆరిన తువ్వాలు బాగానే ఉంటుంది, మొహం తుడుచుకుని కాస్త తడవగానే ముక్కిన వాసన. పోగుల్లో బతికి ఉన్న బ్యాక్టీరియా పని అది. 30, 40 డిగ్రీల ఉతుకుకు అవి పూర్తిగా చావవు. చిన్నదానికి దుమ్ము పడదు కాబట్టి దుప్పట్లూ 60లోనే వేస్తాను. దుమ్ములో ఉండే, కంటికి కనపడని డస్ట్ మైట్స్ అనే పురుగులు చావాలంటే 55 దాటాలి.

మిగతా బట్టలకు వేడి అక్కర్లేదనేది నా గట్టి అభిప్రాయం. మా మెషీన్ కాటన్ ప్రోగ్రాం దానంతటదే 40 చూపిస్తుంది, నేను ప్రతిసారీ తీసేస్తాను. పదిహేను లీటర్ల నీళ్లను 28 డిగ్రీల నుంచి 40కి తేవడానికి 0.2 యూనిట్ అవుతుంది, 60కైతే 0.55. బట్టలు, డ్రమ్ము తాగే వేడి దానికి అదనం. చెమట పట్టిన చొక్కాలకు అంత ఖర్చు దేనికి? పైగా కోల్డ్ అని ఉన్నచోట మెషీన్ నీళ్లను చల్లబరచదు, హీటర్ వేయదు, అంతే. మే నెల మధ్యాహ్నం డాబా మీది నల్ల ట్యాంకు నుంచి దిగే నీళ్లకు చేయి పెట్టలేం. అందుకే ఎండాకాలంలో రంగు దిగే పోచంపల్లి, మంగళగిరి చీరలను తెల్లవారుజామునే బకెట్లో జాడిస్తాను. రక్తం, పాలు, గుడ్డు మరకలకు చల్లనీళ్లే ముందు, వేడి తగిలితే అవి గుడ్డను పట్టేస్తాయి. పసుపుకు ఎన్ని డిగ్రీలు పెట్టినా లాభం లేదు, ఎండలో ఆరేస్తేనే పోతుంది.

ఇప్పుడు మా మెషీన్ మొరాయించిన ఒక వేసవి సంగతి చెప్పాలి. మాది నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్. కుళాయిలో వచ్చే మంజీరా నది నీళ్లు తగ్గిపోయి బోరు, ట్యాంకర్ల మీద బతుకుతున్న రోజులవి. గంటన్నరలో అయ్యే ప్రోగ్రాం రెండు గంటలు దాటడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు ఉతుకు మధ్యలో ఇంటి మెయిన్ ట్రిప్ అయింది. పైకి ఎత్తితే మళ్లీ పడింది. చల్లనీళ్లలో పెట్టి చూశాను, చివరిదాకా చక్కగా తిరిగింది. 40 పెట్టినా ట్రిప్, 60 పెట్టినా ట్రిప్. ఈ సంగతంతా ఫోన్‌లో పూసగుచ్చినట్టు చెప్పినా సర్వీస్ సెంటర్‌వాళ్లు మెషీన్ చూడకుండానే లోపలి సర్క్యూట్ బోర్డు మార్చాలన్నారు. ఆ ఖర్చుకు ఇంకాస్త వేస్తే చిన్న మెషీనే వచ్చేది.

చివరికి వీధి చివర మెకానిక్‌ని పిలిచాను. అతను అడుగున ఉన్న హీటర్ కాయిల్ బయటికి లాగాడు. చిటికెన వేలంత ఉండాల్సిన గొట్టం బొటనవేలంత లావైంది. స్క్రూడ్రైవర్‌తో తడితే పాత గోడ సున్నంలా పెచ్చులు రాలాయి, కింద లోహానికి సన్నటి చీలిక. "ఇది బోరు నీళ్ల పని మేడమ్, బోర్డుకేం కాలేదు" అన్నాడు. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, నీళ్లు వేడెక్కేకొద్దీ గట్టిపడి కాయిల్‌ను పట్టుకుంటుంది. 40 కంటే 60లో ఎక్కువ పట్టుకుంటుంది. పొర మందమయ్యేకొద్దీ వేడి నీళ్లలోకి పోదు, కాయిల్‌లోనే ఉండి చివరికి దాన్నే చీలుస్తుంది. ఆ చీలికలోంచి కరెంటు నీళ్లలోకి లీకవడం వల్లే మెయిన్ పడిందన్నమాట. నాకు బాధ కలిగించింది ఇదే. నేను మెచ్చుకున్న బటనే హీటర్‌ను తినేసింది. మెషీన్ కొన్నప్పుడు బిగించడానికి వచ్చినతను మా బోరు కనెక్షన్ కళ్లారా చూశాడు, ఒక్క ముక్క చెప్పలేదు. ఆ కోపం నాకు ఇంకా ఉంది.

కొత్త కాయిల్ వేయించాక 60 మానలేదు గానీ మంజీరా నీళ్లు వచ్చిన రోజుకే ఉంచుకున్నాను. మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో పర్లేదని రాసి ఉంది కాబట్టి నెలకోసారి ఖాళీ డ్రమ్ములో నిమ్మఉప్పు వేసి వేడినీళ్లతో తిప్పుతున్నాను. ఇప్పటివరకు ట్రిప్ కాలేదు.

రాజమండ్రిలో ఉండే మా చెల్లెలికి ఏడాది పొడవునా గోదావరి నీళ్లే, ఇంట్లో చంటిబిడ్డ కూడా. దాన్ని హీటర్ ఉన్నదే తీసుకోమన్నాను. అత్తయ్య ఊరెళ్లిన నెలల్లో నాకే ఆ బటన్‌తో పని కాస్త తగ్గుతుంది. మా పై ఫ్లాట్‌లో అద్దెకు దిగిన కుర్రాళ్లు అడిగితే మాత్రం వద్దనే చెప్పాను. బోరు నీళ్లు, ఉండేది ఎన్నాళ్లో తెలియదు, ఉతికేవి జీన్సులు, టీషర్టులు. తువ్వాళ్లు వాసనొస్తే బకెట్లో మరిగిన నీళ్లు పోసి ఓ గంట నానబెట్టి, తర్వాత మెషీన్‌లో వేసుకోమన్నాను.