ఐసు నింపే ప్లాట్‌ఫారం: వాల్థర్స్ కిట్ కొనొచ్చా?

1950ల నాటి అమెరికా మోడల్ రైల్వే లేఅవుట్ (బల్లమీది బుల్లి రైలుమార్గం) వేసేవారికి వాల్థర్స్ కార్నర్‌స్టోన్ హెచ్‌వో (1:87 స్కేలు) ఐస్‌హౌస్ కిట్ మంచి కొనుగోలే. ఐసుతో చల్లగా ఉంచే పళ్ల వ్యాగన్ లోడుకి ముందోసారి, దారిలో మళ్లీ ఐసుకి ఆగాలి కాబట్టి షంటింగ్‌కి (వ్యాగన్లను అటూఇటూ మార్చే పనికి) కొదవుండదు.

అతికించే ముందు ఎత్తు చూసుకోండి. పట్టాల కింద 5 మి.మీ. కార్క్ వేసి, ప్లాట్‌ఫారాన్ని నేరుగా బల్లమీద పెడితే ఐసు పోసే వ్యాగన్ పైకప్పు మూతలు అంతమేరా పైకి పోతాయి. ప్లాట్‌ఫారం కాళ్ల కిందా అదే కార్క్ వేయాలి. పొడవాటి ప్లాస్టిక్ పలక వంగకుండా అడుగున ఇత్తడి పట్టీ అంటించండి. జిగురు పొదుపుగా వాడండి, ఎక్కువైతే ప్లాస్టిక్‌పై చెక్కలా కనిపించే గీతలు కరిగిపోతాయి.

136 కిలోల అసలు ఐసు దిమ్మకి నమూనాగా సుమారు 3×6×13 మి.మీ. అక్రిలిక్ ముక్క చాలు. తెల్ల రంగు మాత్రం వద్దు, సబ్బుబిళ్లలా ఉంటుంది. 1980ల లేఅవుట్‌కైతే ఈ కిట్ దండగ; అప్పటికి ఐసు వ్యాగన్ల కాలం చెల్లింది.