లీప్-ఎ-డే: లీప్ సెకను పరీక్షకు మంచి పనిముట్టు, ఒక్క మెలిక తెలిసి వాడితే

ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీని భూమి తిరుగుడుతో సరిపెట్టడానికి అప్పుడప్పుడు కలిపే అదనపు సెకనే లీప్ సెకను. 1972 నుంచి ఇలాంటివి 27 కలిపారు. చివరిది 2016 డిసెంబరు 31న. ఆ తర్వాత రాసిన ప్రోగ్రాములు నిజమైన లీప్ సెకనును ఎదుర్కోనే లేదు. వాటిని పరీక్షించాలంటే ఆ సెకనును మనమే పుట్టించాలి. అందుకు పనికొచ్చేది లినక్స్ కెర్నల్ సోర్సులోనే, టైమర్స్ సెల్ఫ్‌టెస్టుల ఫోల్డర్లో దొరికే లీప్-ఎ-డే. రాసింది జాన్ స్టల్ట్జ్. ఫోల్డర్లో 'మేక్' కమాండ్ కొట్టి, రూట్‌గా నడిపితే చాలు.

ఇది మొదటి విడతలో గడియారాన్ని యూటీసీ అర్ధరాత్రికి 10 సెకన్ల ముందటి సమయానికి జరిపి, అడ్జ్‌టైమెక్స్ అనే సిస్టమ్ కాల్‌తో కెర్నల్‌లో 'సెకను కలుపు' జెండా పెడుతుంది. అర్ధరాత్రికి 3 సెకన్ల ముందు నుంచి అర సెకనుకోసారి సమయం, కెర్నల్ స్థితి ప్రింటవుతాయి. అంతా సవ్యంగా ఉంటే 23:59:59 రెండుసార్లు వస్తుంది: మొదట టైమ్_ఐఎన్ఎస్ (సెకను కలపబోతోంది) స్థితితో, తర్వాత టైమ్_ఓఓపీ (కలిపిన సెకను నడుస్తోంది) స్థితితో. 00:00:00కు టైమ్_వెయిట్ (సెకను కలపడం అయిపోయింది) కనిపించాలి, టీఏఐ తేడా, అంటే అణు గడియారాల సమయానికీ యూటీసీకీ ఉన్న తేడా, ఒకటి పెరిగి ఉండాలి. 23:59:60 కోసం వెతకొద్దు. కెర్నల్ ఆ సెకనును గడియారం వెనక్కి తిప్పి సర్దుతుంది.

నడిపే ముందు గడియారాన్ని సరిచేసే క్రోనీ, ఎన్‌టీపీడీ, సిస్టమ్‌డీ-టైమ్‌సింక్‌డీ, వర్చువల్ మెషీన్ హోస్ట్ నుంచి వచ్చే టైమ్ సింక్ అన్నీ ఆపండి. ఏ ఒక్కటి మిగిలినా జెండాను చెరిపేస్తుంది, లేదా తేదీని వెనక్కి లాగేస్తుంది. కంటెయినర్‌లో నడపాలన్న ఆలోచన వద్దు. తేదీ గడియారం హోస్ట్‌దే కాబట్టి దెబ్బ మెషీన్ మొత్తానికీ తగులుతుంది. విడి వర్చువల్ మెషీన్, దానికో స్నాప్‌షాట్ తప్పనిసరి.

ఇక మెలిక. మైనస్ ఐ ఆప్షన్ తర్వాత ఎన్ని అంటే అన్నిసార్లు లీప్ సెకను వస్తుంది కదా అని వందసార్లు తిప్పడం చాలామంది చేసే పొరపాటు. ప్రతి విడతకూ తేదీ ఒక రోజు ముందుకు దూకుతుంది. సర్టిఫికెట్లు, సెషన్లు గడువు దాటిపోతాయి, క్రాన్ పనులు మీద పడతాయి, లీప్ సెకనుతో సంబంధం లేని ఎర్రర్లతో లాగ్ నిండిపోతుంది. ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. 2012 జూన్ 30న లీప్ సెకను తర్వాత కెర్నల్ టైమర్లు ఒక సెకను తేడాతో ఉండిపోయి, జావా, మైఎస్‌క్యూఎల్ లాంటివి సీపీయూను పూర్తిగా తినేశాయి. దానికి అప్పటి మందు 'డేట్' కమాండ్‌తో సమయాన్ని మళ్లీ సెట్ చేయడమే. లీప్-ఎ-డే ప్రతి విడత మొదట్లో చేసేదీ అదే! అంటే రోగం బయటపడేలోపే మందు పడిపోతుంది. కెర్నల్‌ను పరీక్షించేటప్పుడు ఎన్నిసార్లు తిప్పినా పర్వాలేదు, టైమర్ ముందుగా మోగితే ఈ ప్రోగ్రామే పట్టి చెబుతుంది. అప్లికేషన్‌కైతే ఒకే విడత నడిపి, లోడ్ ఆపకుండా, కొన్ని గంటలు సీపీయూను గమనించాలి.

లాగ్‌లో ముఖ్యంగా వెతకాల్సింది సున్నా లేదా రుణ సంఖ్యగా వచ్చిన వ్యవధులు. 2017 జనవరి 1న క్లౌడ్‌ఫ్లేర్ డీఎన్ఎస్‌లో కొంత భాగం పడిపోయింది ఇలాంటి రుణ సంఖ్య వల్లే. వ్యవధులను గోడ గడియారంతో (తేదీ, సమయం చూపే సిస్టమ్ గడియారంతో) కాకుండా, ఎప్పుడూ వెనక్కి వెళ్లని క్లాక్_మోనోటోనిక్‌తో కొలిచే కోడ్‌కు ఈ బెడద ఉండదు.

పక్కనే ఉన్న లీప్‌క్రాష్ జోలికి ఊరికే పోవద్దు. అది 2.6.26 నుంచి 3.3 వరకు కెర్నళ్లను బిగుసుకుపోయేలా చేయడానికే రాసింది.

లీప్-ఎ-డే ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా సమయం తెచ్చుకునే పద్ధతి) దారిని అసలు తాకదు. సర్వర్ పంపే లీప్ సూచన క్లయింటుకు చేరిందా, లీప్ సెకన్ల జాబితా ఉండే లీప్-సెకండ్స్ ఫైలు గడువు తీరిందా అన్నవి విడిగా చూసుకోవాలి. సెకనును 24 గంటల మీద పరిచే స్మియర్ సర్వర్లు, మామూలు సర్వర్లు ఒకే కాన్ఫిగరేషన్‌లో కలిసి ఉంటే వాటి మధ్య తేడా అర సెకను దాకా పోతుంది, దాన్నీ ఇది చూపదు. సెకను తీసేసే లీప్ ఇంతవరకు రాలేదు, అయినా దానికీ ఇందులో పరీక్ష ఉంది. విడత విడిచి విడత ఈ ప్రోగ్రామే ఎస్‌టీఏ_డీఈఎల్ ('సెకను తీసెయ్') జెండా పెడుతుంది, అప్పుడు 23:59:58 తర్వాత నేరుగా 00:00:00 వస్తోందో లేదో చూడాలి.